మార్చి దాకా గేటు నాదే

హెండ్రె, గ్వెర్న్ లోయ
9 మార్చి 1965

చెల్లీ కైన్వెన్,

ఈ సంగతి నువ్వు లండన్‌లో పేపర్ చూసి తెలుసుకోవడం కంటే నా ఉత్తరంలో చదవడమే నయమని రాస్తున్నాను. నిన్న నీటి బోర్డు మనుషులు నలుగురు లోయలోకి వచ్చారు. ఎరుపు తెలుపు చారల కర్రలు, మూడు కాళ్ళ దుర్భిణి తెచ్చారు. మనం ఆదివారాలు పోయే చాపెల్ దగ్గర ఆగి వాళ్ళలో పొడుగాయన దాని కప్పు వైపు చూపించి, "ఇక్కడ డెబ్బై అడుగుల లోతు నీళ్ళుంటాయండీ" అన్నాడు. ఆనకట్ట కడతారట. పాంట్ హెలిగ్ ఉక్కు కర్మాగారంలో కొత్త మిల్లు వేస్తున్నారు కదా, దానికి మన లోయ నీళ్ళు కావాలట.

పక్కింటి ఓల్వెన్ పెద్దమ్మ అక్కడే ఉంది. "డెబ్బై అడుగులా? నాకు ఈత రాదు నాయనా" అంది.

"అందుకే మిమ్మల్ని వేరే చోటికి మారుస్తామమ్మా."

"నేనెందుకు మారతా? నువ్వే మారు. వచ్చిన దారి గుర్తుందా, చూపించమంటావా?"

డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ నోరు మాత్రం అలాగే ఉంది. బోర్డు వాళ్ళకి నేను టీ ఇచ్చాను. ఇంటికొచ్చిన మనుషులు కదా.

మొత్తం ముప్ఫై ఒక్క పొలాలు, బడి, చాపెల్, అమ్మానాన్నల సమాధులు, అన్నీ పోతాయి. పద్నాలుగేళ్ళుగా నువ్వు ఈ నియోజకవర్గం ఎంపీవి. ఆ పట్నమూ నీదే, ఈ లోయా నీదే. ఏం చేస్తావో నాకు తెలీదు. చెయ్యమని నేను అడగడం కూడా లేదు.

ఇక్కడ గొర్రెలు ఈనుతున్నాయి. నడుం వంగడం లేదు.

నీ అన్నయ్య,
గెథిన్


లండన్
15 మార్చి

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి, కోటు వేసుకుని తిన్నగా మంత్రి గదికి వెళ్ళాను. ఆయన మన పార్టీవాడే. పోయిన ఎన్నికల్లో పాంట్ హెలిగ్‌కి వచ్చినప్పుడు ఆయన గొంతు పోతే నేనే వేడినీళ్ళు తాగించాను. ఇప్పుడు నన్ను కూర్చోమని కూడా అనకుండా, "కొత్త మిల్లులో రెండు వేల ఉద్యోగాలమ్మా కైన్వెన్. నువ్వు సంతోషిస్తావనుకున్నాను" అన్నాడు.

"ఉద్యోగాలొద్దని నేననడం లేదు. పైన బంజరు కొండ మీద మనిషి అనేవాడు లేడు, వాన మాత్రం బోలెడు. అక్కడ కట్టండి."

"అక్కడ ఖర్చెక్కువ."

"ఇక్కడ ఖర్చు లేదా? మా అమ్మ సమాధి మీ లెక్కలో ఏ వరసలో ఉంది?"

సాయంత్రం ట్రెవర్ మడాక్ ఫోన్ చేశాడు. నా మొదటి ఎన్నిక నుంచీ నాకు ఏజెంటుగా ఉన్నాడు, కర్మాగారం యూనియన్ కూడా వాడి చేతిలోనే ఉంది. "నీకు మతి పోయిందా? పట్నంలో ముప్ఫై వేల ఓట్లు, లోయలో రెండొందలు. స్కూల్లో లెక్కలు చెప్పావు, ఈ లెక్క రాదా?" అన్నాడు. వచ్చులే, కానీ ఈ లెక్క నేను చెయ్యనని చెప్పాను.

శుక్రవారం సభలో లేచి, గ్వెర్న్ లోయలో ఒక్క రైతు కూడా ఒక్క ఎకరం కూడా అమ్మడని చెప్పాను. ఎదుటి పక్షం వాళ్ళు బల్లలు చరిచారు. మనవాళ్ళు బూట్లు చూసుకున్నారు. పద్నాలుగేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

నువ్వు ఓల్వెన్ పెద్దమ్మతో చెప్పు, కర్ర పట్టుకున్న వాడెవడూ మళ్ళీ లోపలికి రాకూడదు.

నీ చెల్లెలు,
కైన్


హెండ్రె
2 ఏప్రిల్

కైన్,

పెద్దమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. తన గేటుకి ఆంబోతుల్ని కట్టే గొలుసు తెచ్చి బిగించింది. తాళంచెవి ఎక్కడుందంటే చెప్పదు. మిగతావాళ్ళు కూడా మొదలుపెట్టారు. ఇప్పుడు లోయలో ఏ ఇంటికి పోవాలన్నా గేటు ఎక్కి దూకాలి. చాపెల్ పాస్టరు ఆదివారం ప్యాంటు చింపుకుని వచ్చి ప్రసంగం చేశాడు.

రాత్రికి రాత్రే నువ్వు వీళ్ళకి దేవతవైపోయావు. నువ్వు తొలిసారి పోటీ చేసినప్పుడు, ఆడది ఎంపీ ఏమిటని మన చాపెల్ మెట్ల మీద నిలబడి నవ్విన మనుషులే వీళ్ళు. నువ్వు సైకిల్ మీద ఊరూరా తిరిగి ఓడిపోయి, మళ్ళీ ఏడాదికి అదే సైకిలెక్కావు. ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు. నాకుంది, ఆ చక్రానికి పంక్చర్లు వేసింది నేనే కదా.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఒక్క ఎకరం కూడా అమ్మరని సభలో అన్నావే, ఎవర్నడిగి అన్నావు? ఒక్కరి గడప తొక్కావా? ఒక్కరికి ఉత్తరం రాశావా?

వాన తెరిపి ఇవ్వడం లేదు. మన కుక్క మోట్ కాలికి ముల్లు దిగింది, తీశాను.

గెథిన్


లండన్
20 ఏప్రిల్

అన్నయ్యా,

ఎవర్నడగాలి? ఆ లోయలో పుట్టినదాన్ని, నాకు తెలీదా?

కోపం లేదు. పని మాత్రం చాలా ఉంది. పార్టీ విప్ నన్ను కాఫీకి పిలిచి, గ్వెర్న్ బిల్లుకి వ్యతిరేకంగా ఓటేస్తే పార్టీలో ఉండవని మర్యాదగా చెప్పాడు. కాఫీ బాగాలేదని నేనూ మర్యాదగానే చెప్పాను.

మే పన్నెండున పాంట్ హెలిగ్ కార్మికుల హాల్లో బహిరంగ సభ పెట్టాను. పట్నం వాళ్ళకి లోయ మనిషిని చూపించాలి. నువ్వు వచ్చి వేదిక మీద కూర్చో. ఉపన్యాసం అక్కర్లేదు. "నేను గెథిన్ హాప్కిన్‌ని, హెండ్రె పొలం మాది, అమ్మను" అంటే చాలు. నా వంద ఉపన్యాసాల కంటే నీ చేతులు చూస్తే వాళ్ళకి ఎక్కువ అర్థమవుతుంది. వాళ్ళూ చేతులతో బతికేవాళ్ళే.

తప్పకుండా రావాలి.

కైన్


హెండ్రె
27 ఏప్రిల్

కైన్,

సభకి రాలేను. మోకాలు బాగా వాచింది. పైగా గొర్రెపిల్లల్ని కొండ మీదకి తోలే రోజులు. నా తరఫున ఎవర్నైనా పిలుచుకో. పెద్దమ్మ వస్తానంటోంది, నువ్వు వద్దన్నా వస్తుంది.

నాకు మాట్లాడటం రాదని నీకు తెలుసు. ఆ వేదిక మీద నన్ను కూర్చోబెట్టకు.

గెథిన్


లండన్
3 జూన్

గెథిన్,

ఇవాళ బిల్లు మీద చర్చ జరిగింది. మంత్రి చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని తొందరపడకుండా విప్పాడు. ఏం చదివాడో మాట పొల్లుపోకుండా రాస్తున్నాను.

"గ్వెర్న్‌లో ఒక్క ఎకరం కూడా అమ్మరని గౌరవ సభ్యురాలు ఈ సభకు హామీ ఇచ్చారు. ఈ ఏడాది జనవరి పంతొమ్మిదిన నీటి బోర్డుకు నూట నలభై ఎకరాలు స్వచ్ఛందంగా రాసిచ్చిన రైతు ఒకాయన ఉన్నారు. పేరు గెథిన్ హాప్కిన్. బంధుత్వం గౌరవ సభ్యురాలినే అడగండి."

సభంతా నవ్వింది. నేను చూసినంతలో నవ్వనివాడు ఒక్కడూ లేడు.

జనవరిలోనే రాసిచ్చావు. మార్చిలో నాకు ఉత్తరం రాశావు, వాళ్ళు నిన్ననే వచ్చినట్టు. గొర్రెల సంగతి రాశావు, కుక్క కాలిలో ముల్లు సంగతి రాశావు. మోకాలు వాచిందని రాశావు.

నిజంగానే వాచిందా?

కైన్వెన్


హెండ్రె
8 జూన్

కైన్,

వాచింది. సభకి రాకపోవడానికి కారణం మాత్రం అది కాదు.

నీకు చెప్పకుండా దాచింది తప్పు. ఒప్పుకుంటున్నాను. అమ్మింది తప్పని ఒప్పుకోను. ఎవరొచ్చి అడిగినా ఒప్పుకోను, నువ్వడిగినా సరే.

నాన్న పోయిన వారం నీకు గుర్తుండకపోవచ్చు, నీకప్పుడు పద్నాలుగేళ్ళు. నాకు పంతొమ్మిది. బారీ రేవులో ఓడ మీద పని కుదిరింది, సంచి కూడా సర్దుకున్నాను. ఆ సంచి విప్పి బట్టలు మళ్ళీ చెక్క పెట్టెలో పెట్టింది అమ్మ. నేను చూస్తూ ఊరుకున్నాను. నీకు స్కాలర్‌షిప్ వచ్చింది, ఇద్దరం పోతే ఇక్కడ ఎవరుంటారు? నువ్వు చదివావు, టీచరువయ్యావు, ఎంపీవయ్యావు. సంతోషమే. పేపర్లో నీ ఫోటో పడ్డ ప్రతిసారీ కత్తిరించి అమ్మకి చూపించాను. కానీ ఈ ముప్ఫై అయిదేళ్ళలో ఒక్కసారైనా "నీకేం కావాలన్నయ్యా" అని అడిగావా?

డిసెంబరులో మంచు పడి అరవై గొర్రెలు చచ్చాయి. ఒక్కణ్ణే పూడ్చాను. జనవరిలో బోర్డాయన వచ్చి కుర్చీలో కూర్చుని, "మీరేం చెయ్యాలనుకుంటున్నారండీ?" అన్నాడు. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి వాడు. సముద్రం దగ్గరకి పోవాలని ఉందన్నాను. సంతకం పెట్టేశాను.

నీకు ఈ లోయ ఒక ఉపన్యాసం. నాకు బురద. ఎవరి మాట నిజం? రెండూ నిజమే అనుకుంటా. కానీ ఆ బురదలో కాలు పెట్టినవాడికి దాన్ని అమ్ముకునే హక్కుంది. ఆ హక్కు నీ పార్టీ ఇవ్వలేదు, నువ్వూ ఇవ్వలేదు.

నీకు చెప్పకపోవడానికి కారణం భయం కాదు. నువ్వు ఒప్పిస్తావు. అందర్నీ ఒప్పిస్తావు. ఈ ఒక్క పనీ నాదిగా ఉండాలనిపించింది.

ఓల్వెన్ పెద్దమ్మ నాతో మాట మానేసింది. పాలడబ్బా మాత్రం రోజూ గోడ మీద పెట్టి వెళుతోంది.

గెథిన్


పాంట్ హెలిగ్
11 జులై

అన్నయ్యా,

నీ ఉత్తరం నెల రోజులు చేతిసంచిలో పెట్టుకుని తిరిగాను. మూడుసార్లు జవాబు రాసి మూడుసార్లు చింపాను. మొదటి రెండూ నిన్ను తిట్టినవి. మూడోది నన్ను నేను తిట్టుకున్నది. అదీ పనికిరాలేదు.

నువ్వన్నది నిజం. నేను అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. ఎవరికి ఏం కావాలో అడగడమే నా ఉద్యోగం, నా సొంత ఇంట్లో మాత్రం ఆ పని చెయ్యలేదు. దీనికి ఏ సాకూ చెప్పను.

జూన్ నాలుగున ఏం జరిగిందో పేపర్లు సగమే రాశాయి. మిగతా సగం నేను చెబుతాను. ముందురోజు అంత నవ్వుల పాలయ్యాక నేను సభకి రానని అందరూ అనుకున్నారు. మొదటి బెల్లుకే వెళ్ళి నా చోట్లో కూర్చున్నాను. పిలుపు రాగానే లేచి ఇలా అన్నాను:

"అవును, ఆయన మా అన్న. ఆయన పొలం, ఆయన కష్టం, ఆయన సంతకం. అమ్ముకునే హక్కు ఆయనకుంది. అందరి తరఫునా మాట ఇవ్వడం నా తప్పు, అందుకు సభను క్షమాపణ కోరుతున్నాను. కానీ ఒక మనిషి అలసిపోయి తన ఇల్లు అమ్ముకుంటే, మిగతా ముప్ఫై ఇళ్ళను ముంచడానికి అది మంత్రిగారికి అనుమతి పత్రం అవుతుందా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బిల్లుకి వ్యతిరేకంగా ఓటేశాను. బిల్లు నెగ్గింది. నన్ను పార్టీ నుంచి తీసేశారు.

నిన్న ఇక్కడ పార్టీ ఆఫీసుకి పోతే నా బల్ల సొరుగులోని సామాను అట్టపెట్టెలో సర్ది గుమ్మంలో పెట్టి ఉంది. ట్రెవర్ నా మొహం చూడలేకపోయాడు.

"వచ్చే ఎన్నికల్లో ఏం చేస్తావు?" అని అడిగాడు.

"పోటీ చేస్తా."

"ఏ పార్టీ?"

"కైన్వెన్ హాప్కిన్ పార్టీ. సభ్యత్వం కావాలంటే చెప్పు, ఖాళీలు చాలా ఉన్నాయి."

నవ్వాడు పాపం. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు అడుగుతున్నాను, ముప్ఫై అయిదేళ్ళు ఆలస్యంగా. నీకేం కావాలన్నయ్యా?

కైన్


హెండ్రె
24 సెప్టెంబరు

చెల్లీ,

నీ ప్రశ్నకి జవాబు చివర్లో రాస్తాను. ముందు సోమవారం జరిగిన సంగతి విను.

బిల్లు నెగ్గింది కదా, ఆనకట్ట పునాదికి రాయి ఎలా ఉందో చూడాలని బోర్డు వాళ్ళు పెద్ద బోరు యంత్రం లారీ మీద వేసుకుని వచ్చారు. వెంట సార్జెంటు బెయినన్, ఆరుగురు పోలీసులు. యంత్రం పట్టే దారి మన దొడ్లోంచి ఒక్కటే ఉందని నీకు తెలుసు. నా పొలమే ముందు కొనడానికి కారణం అదేనని, నా మీద జాలి కాదని, నాకు ఆ రోజు లారీని చూశాకే బోధపడింది.

గేటుకి అడ్డంగా ట్రాక్టర్ నిలబెట్టి, రెండు వెనక చక్రాలూ ఊడదీసి లోపల పెట్టేశాను.

పొడుగాయన వచ్చి, "హాప్కిన్ గారూ, ఇది బోర్డు స్థలం. మీరు అమ్మేశారు" అన్నాడు.

"అమ్మాను. కాగితం తెచ్చావా? చదువు. స్వాధీనం ఎప్పుడు?"

"వచ్చే మార్చి ఇరవై అయిదున."

"ఇవాళ తారీఖెంత?"

ఆయన కాగితం సార్జెంటు చేతికిచ్చాడు.

"మార్చి దాకా గేటు నాదే. అప్పుడు రా, టీ ఇస్తా."

సార్జెంటు కాగితం రెండుసార్లు చదివాడు. "ఈయన చెప్పింది సరిగ్గానే ఉందండీ" అని టోపీ తీసి తల గోక్కున్నాడు. అంతలో పైనుంచి పెద్దమ్మ, ఆమె వెనక లోయ మొత్తం దిగొచ్చారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. గోడ పొడుగునా నిలబడి పాట ఎత్తుకున్నారు, నాలుగు స్వరాల్లో, ఆదివారం పాడినట్టే. లారీ వెనక్కి తిప్పుకోవడానికి చోటులేక రెండు మైళ్ళు వెనక్కే నడుపుకుంటూ పోయింది. అది కనబడినంత సేపూ పాడారు.

తర్వాత పెద్దమ్మ నా దగ్గరకొచ్చింది. జూన్ తర్వాత అదే మొదటి మాట. "అమ్ముకున్నవాడివి, నీకెందుకురా ఈ గొడవ?"

"నాది అమ్ముకున్నాను పెద్దమ్మా. నీది అమ్మలేదు."

"సన్నాసీ" అంది. సాయంత్రం రొట్టె పంపింది.

ఈ వారంలో బోర్డు వాళ్ళు మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ పోయారు. చలికాలం వస్తే నేల గడ్డకడుతుంది, వాళ్ళ యంత్రం దిగదు.

ఇక నీ ప్రశ్న. ఫిష్‌గార్డ్ రేవులో ఓడలకి తాళ్ళు కట్టే పని ఉందట. యాభై నాలుగేళ్ళవాణ్ణయినా తీసుకుంటామన్నారు. మార్చి తర్వాత వెళతాను. నువ్వు ఆపకూడదు. అదే నాకు కావలసింది.

నీ అన్నయ్య,
గెథిన్


పాంట్ హెలిగ్
20 మార్చి 1966

అన్నయ్యా,

ఆపను. రైలు టైము రాయి, స్టేషనుకి వస్తాను. ప్రచారంలో ఉన్నా వస్తాను.

పోయిన నెల ప్రభుత్వం ప్రకటించింది చదివే ఉంటావు. గ్వెర్న్ ఆనకట్ట లేదు. ఏడాదైనా ఒక్క బోరు కూడా వెయ్యలేకపోయారు, మిల్లుకేమో నీళ్ళు త్వరగా కావాలి. అందుకని పైన బంజరు కొండ మీద కడతారు. పోయిన ఏడాది నేను చూపించిన చోటే. నా మాట మాత్రం ఎక్కడా రాదు. నా మీద పార్టీ నిలబెట్టిన కొత్త అభ్యర్థి పోస్టర్ల మీద "నీళ్ళు తెచ్చింది మేమే, లోయను కాపాడింది మేమే" అని వేసుకున్నాడు. నిన్న ఒక పోస్టరు కింద నిలబడి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. అటుగా పోయేవాళ్ళు జాలిపడ్డారు.

ఓడిపోతానని ట్రెవర్ రహస్యంగా కబురు పంపాడు. తెలుసని కబురు పంపాను. అయినా మిల్లు గేటు దగ్గర ఉదయం షిఫ్టుకి రోజూ నిలబడుతున్నాను. కొందరు మొహం తిప్పుకుంటారు. ఒకడు నిన్న కాళ్ళ దగ్గర ఉమ్మాడు. "గురి తప్పింది, రేపు మళ్ళీ ప్రయత్నించు, ఇక్కడే ఉంటా" అన్నాను. ఇవాళ వాడు తలవంచుకుని నా కరపత్రం తీసుకున్నాడు.

కైన్


హెండ్రె, గ్వెర్న్ లోయ
22 మే 1966

అన్నయ్యా,

ఓడల తాళ్ళకి నీ చేతులు బొబ్బలెక్కాయని రాశావు. నాగలి పట్టిన చేతులకి బొబ్బలేమిటి, సముద్రం నిన్ను ముద్దు చేస్తోంది. ఉప్పుగాలికి మోకాలు నొప్పి తగ్గిందంటే నమ్మను గానీ, నీ ఉత్తరం నవ్వుతున్నట్టు ఉంది, అది నమ్ముతాను.

నాలుగొందల తొమ్మిది ఓట్లతో ఓడిపోయానని నీకు తెలుసు. లెక్కింపు హాల్లో ఓడినవాళ్ళు మాట్లాడటం ఇక్కడ ఆనవాయితీ. అందరూ నా ఏడుపు వినడానికి చెవులు రిక్కించారు. "మొదటి ఎన్నికలో కూడా ఓడిపోయాను. ఎలా ఓడాలో నాకు తెలుసు, మీరు నాకు నేర్పక్కర్లేదు" అని దిగాను.

ఇప్పుడు సంగతి విను. ఇక్కడి ముప్ఫై ఇళ్ళూ వాటి యజమానులవే. బోర్డు చేతిలో చిక్కింది మన హెండ్రె ఒక్కటే. వాళ్ళకి దానితో పనిలేదు, అమ్ముదామంటే కొనేవాడు లేడు. కౌలుకిస్తారా అని ఉత్తరం రాశాను. ఆ పొడుగాయనే కాగితాలు తీసుకుని వచ్చాడు. వంటింట్లో కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, "మీరు మాకు కౌలుదారు అవుతారని అనుకోలేదండీ" అన్నాడు. "మీరు నాకు భూస్వామి అవుతారని నేనూ అనుకోలేదు. కప్పు కారుతోంది, బాగు చేయించండి" అన్నాను. రాసుకుని వెళ్ళాడు.

గొర్రెల్ని ఓల్వెన్ పెద్దమ్మ మనవడు చూస్తాడు, నాకు వాటి భాష రాదు. మరి నేనేం చేస్తానని ఊరంతా అడుగుతోంది.

పోయిన శనివారం గ్లెనిస్ ట్యూడర్ అనే ఆవిడ పాంట్ హెలిగ్ నుంచి బస్సులో వచ్చి, బస్సు దిగి రెండు మైళ్ళు వానలో నడిచి తలుపు కొట్టింది. కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గడప దాటకుండానే అంది: "నేను మీకు ఓటెయ్యలేదు. ముందే చెబుతున్నా."

"సరే. లోపలికి రా."

"మా ఆయన కూడా వెయ్యలేదు."

"ఆయన వచ్చాడా?"

"లేదు. మిల్లులో ఆయన చెయ్యి రోలర్ల మధ్య నలిగిపోయింది. తప్పు ఆయనదేనని మేనేజరు రాసేశాడు."

"నేనిప్పుడు ఎంపీని కాను గ్లెనిస్. కొత్తాయన దగ్గరకి పోలేదా?"

"పోయా. ఉత్తరం రాసి పంపమన్నాడు. నాకు రాయడం వస్తే ఇంత దూరం మీ దగ్గరకెందుకొస్తా?"

ఆమె కోటు పొయ్యి దగ్గర ఆరేసి, ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. రెండు గంటలు రాశాం. ఆ యంత్రానికి అడ్డు కంచె మూడు నెలలుగా లేదట. ఆ ముక్క ఎవరూ ఆమెను అడగలేదు, అందుకని ఎవరికీ తెలీదు. నేను అడిగాను. అడగడం ఈమధ్యే నేర్చుకున్నాను.

కింద సంతకం పెట్టి, అలవాటు కొద్దీ పేరు పక్కన ఎంపీ అని రాసేశాను. గ్లెనిస్‌కి చదవడం రాదు, కొట్టేస్తే చూసి భయపడింది. "ఏమైందండీ, తప్పు రాశారా?" అంది. "ఏం లేదు, అడ్రసు మార్చాను" అని, అక్కడ హెండ్రె అని రాశాను.

నాలుగో రోజునే మిల్లు నుంచి జవాబొచ్చింది, విచారణ మళ్ళీ తెరుస్తామని. ఎంపీగా ఉన్నప్పుడు నా ఉత్తరానికి మూడు వారాలు పట్టేది.

నిన్న శనివారం పట్నం నుంచి ఆరుగురు వచ్చారు. ఒక్కడూ నాకు ఓటేసినవాడు కాదు. కూర్చోవడానికి కుర్చీలు చాలక ఇద్దరు మెట్ల మీద కూర్చున్నారు. సోమవారం పాంట్ హెలిగ్ పోయి ఒక పొడుగు బల్ల కొనుక్కొస్తున్నాను.

నీ చెల్లెలు,
కైన్వెన్ హాప్కిన్
హెండ్రె